టోలీన్ అదే, క్లోరిన్ అదే... ఉత్పన్నం మాత్రం ఎందుకు మారుతుంది?

ఇంటర్ కెమిస్ట్రీ చదివేవాళ్లను, ఈఏపీసెట్‌కీ జేఈఈకీ తయారయ్యేవాళ్లను బాగా తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది: “టోలీన్ క్లోరిన్‌తో చర్య జరిపితే ఏమి ఏర్పడుతుంది?” ఒక పుస్తకంలో ఆర్థో, పారా (బెంజీన్ వలయంలో మిథైల్ సమూహానికి పక్కన, ఎదురుగా క్లోరిన్ చేరిన) క్లోరోటోలీన్‌లు అని ఉంటుంది. ఇంకోదాంట్లో బెంజైల్ క్లోరైడ్. ఆల్డిహైడ్‌ల పాఠానికి వచ్చేసరికి అదే టోలీన్, అదే క్లోరిన్ కలిసి బెంజాల్ క్లోరైడ్ ఇస్తాయి, దాన్ని నీటితో జలవిశ్లేషణ చేస్తే బెంజాల్డిహైడ్ వస్తుంది. ఇవన్నీ నిజమే. తేడా అంతా బాణం గుర్తు మీద చిన్న అక్షరాల్లో రాసే పరిస్థితుల్లో ఉంది. విద్యార్థి సరిగ్గా ఆ అక్షరాలనే చూడకుండా దాటేస్తాడు.

ఆ పరిస్థితుల్ని బట్టీ పట్టడం కన్నా అవి ఏం చేస్తాయో తెలుసుకుంటే పని సులువవుతుంది. ఉష్ణోగ్రత, కాంతి, ఉత్ప్రేరకం, ద్రావణి... ఇవేవీ నేరుగా “నువ్వు వలయం మీదికి వెళ్లు, నువ్వు పక్కకు వెళ్లు” అని చెప్పవు. క్లోరిన్ ఏ రూపంలో దాడి చేస్తుందో ముందు అవి నిర్ణయిస్తాయి. ఎక్కడ చేరాలన్నది ఆ రూపాన్ని బట్టి ఉంటుంది.

## వలయం, సైడ్‌చైన్, మూడు దారులు

బెంజీన్‌లో ఆరు కార్బన్‌ల వలయం ఒక్కటే ఉంటుంది. టోలీన్‌లో ఆ వలయానికి ఒక మిథైల్ సమూహం అంటుకుని ఉంటుంది. అదే సైడ్‌చైన్. ఇలాంటి అణువులో హాలోజన్ మూడు రకాలుగా చేరగలదు. వలయం మీది హైడ్రోజన్‌ను తప్పించి దాని చోట కూర్చోవచ్చు. సైడ్‌చైన్‌లోని హైడ్రోజన్ స్థానంలోకి రావచ్చు. ఏ హైడ్రోజన్‌నూ కదపకుండా వలయంలోని పై (π) బంధాలకే చేరిపోవచ్చు. మొదటి రెండూ ప్రతిక్షేపణలు, మూడోది సంకలనం. మూడోదానిలో ఎలక్ట్రాన్‌లను వలయమంతా పంచుకునే ఏరోమాటిక్ స్వభావమే పోతుంది కాబట్టి అది కష్టమైన దారి. బెంజీన్‌కు ఆ స్వభావం వల్ల వచ్చే అదనపు స్థిరత్వం మోల్‌కు సుమారు 150 కిలోజౌళ్లు. దాన్ని వదులుకోవడం తేలిక కాదు. కానీ అసాధ్యమూ కాదని ముందు ముందు చూస్తాం.

## ఫెర్రిక్ క్లోరైడ్ చేసే పని

ఇథిలీన్ లాంటి ఆల్కీన్ బ్రోమిన్ రంగును గది ఉష్ణోగ్రత దగ్గరే, ఉత్ప్రేరకం లేకుండానే పోగొడుతుంది. బెంజీన్‌కు అది చేతకాదు. దాని ఎలక్ట్రాన్‌లు వలయమంతా పరుచుకుని స్థిరంగా ఉంటాయి. మామూలు క్లోరిన్ అణువు వాటిని కదిలించేంత బలమైన ఎలక్ట్రోఫైల్ (ఎలక్ట్రాన్‌లను కోరే కణం) కాదు.

అందుకే లూయి ఆమ్లం, అంటే ఎలక్ట్రాన్ జంటను తీసుకునే పదార్థం, కావాలి. ఫెర్రిక్ క్లోరైడ్ గానీ అల్యూమినియం క్లోరైడ్ గానీ క్లోరిన్ అణువు ఒక కొసను పట్టుకుని ఎలక్ట్రాన్‌లను తనవైపు లాక్కుంటుంది. దాంతో రెండో కొస పాక్షికంగా ధనావేశితమవుతుంది. బెంజీన్ వలయం దాడి చేసేది ఆ కొసమీద. పుస్తకాల్లో దీన్ని ధనావేశిత క్లోరిన్ అయాన్ అని విడిగా రాస్తారు. అది సౌకర్యం కోసం రాసే కురచ రూపం. వాస్తవంలో క్లోరిన్, ఐరన్ కలిసి ఉన్న కాంప్లెక్సే దాడిలో పాల్గొంటుందన్నది ఎక్కువమంది అంగీకరించే చిత్రం.

బ్రోమినేషన్‌కు చాలా ల్యాబ్‌లలో ఫెర్రిక్ బ్రోమైడ్ బదులు ఇనుప రజను వేస్తారు. ఇనుము బ్రోమిన్‌తో చర్య జరిపి అక్కడికక్కడే ఫెర్రిక్ బ్రోమైడ్‌గా మారుతుంది. లూయి ఆమ్లం “అనార్ద్ర”, అంటే నీరు లేనిదిగా, ఉండాలని పుస్తకాలు నొక్కి చెప్పడానికీ కారణం ఉంది. నీరుంటే లూయి ఆమ్లం ముందు నీటినే పట్టుకుంటుంది, క్లోరిన్‌ను పట్టించుకోదు.

ఇక “చీకటి”. ఈ చర్యకు చీకటి అవసరమని చాలామంది అనుకుంటారు. చీకటి ఏ పనీ చేయదు. కాంతి పడితే మొదలయ్యే ఇంకో చర్యను రానివ్వకుండా ఉండటానికే అది. ఉత్ప్రేరకం లేకుండా బెంజీన్, క్లోరిన్ మిశ్రమాన్ని చీకట్లో ఎంతసేపు ఉంచినా చెప్పుకోదగ్గ మార్పు కనిపించదు.

## వెలుగు పడితే: శక్తి లెక్క

క్లోరిన్ అణువులో రెండు పరమాణువుల మధ్య బంధాన్ని విడగొట్టడానికి మోల్‌కు 243 కిలోజౌళ్లు చాలు. కాంతి తరంగదైర్ఘ్యంలోకి మార్చి చూస్తే అది 490 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది. అంటే అతినీలలోహిత దీపమే అక్కర్లేదు, దృశ్య కాంతిలోని నీలం, ఊదా రంగుల్లోనే కావలసినంత శక్తి ఉంది. ఎండ సరిపోయేది అందుకే. బంధం సమానంగా తెగి రెండు క్లోరిన్ రాడికల్‌లు వస్తాయి. ఇక్కడ ధనావేశం లేదు, లూయి ఆమ్లం లేదు. జంట లేని ఒక్క ఎలక్ట్రాన్ ఉన్న పరమాణువు దొరికిన హైడ్రోజన్‌ను లాక్కోవాలని చూస్తుంది.

దాని ముందు రెండు రకాల హైడ్రోజన్‌లున్నాయి. మిథైల్ సమూహంలో కార్బన్, హైడ్రోజన్ బంధం తెంచడానికి సుమారు 375 కిలోజౌళ్లు కావాలి. వలయం మీది హైడ్రోజన్‌కైతే సుమారు 472. హైడ్రోజన్, క్లోరిన్ కలిసి కొత్త బంధం ఏర్పడినప్పుడు 432 కిలోజౌళ్లు విడుదలవుతాయి. తీసివేసి చూడండి. మిథైల్ దగ్గర 375 ఖర్చు, 432 రాబడి, 57 మిగులు. వలయం దగ్గర 472 ఖర్చు, 432 రాబడి, 40 లోటు. రాడికల్ ఎటు వెళుతుందో ఇక చెప్పక్కర్లేదు.

మిథైల్ దగ్గర బంధం ఎందుకంత బలహీనం? హైడ్రోజన్ పోయాక మిగిలిన బెంజైల్ రాడికల్‌లోని ఒంటరి ఎలక్ట్రాన్ పక్కనున్న వలయంలోకి కూడా విస్తరిస్తుంది. అలా పంచుకోవడం వల్ల రాడికల్ స్థిరపడుతుంది. ఆ బెంజైల్ రాడికల్ ఇంకో క్లోరిన్ అణువును ఢీకొని బెంజైల్ క్లోరైడ్ అవుతుంది, కొత్త క్లోరిన్ రాడికల్‌ను వదులుతుంది. గొలుసు అలా సాగిపోతుంది. గాలిలోని ఆక్సిజన్ ఈ గొలుసును మధ్యలో తెంచేస్తుంది కాబట్టి దాన్ని దూరంగా ఉంచాలి.

బెంజైల్ స్థానంలో హైడ్రోజనే లేకపోతే? టెర్షియరీ బ్యూటైల్ బెంజీన్‌లో వలయానికి ఆనుకున్న కార్బన్ మీద ఒక్క హైడ్రోజన్ కూడా ఉండదు. అక్కడ ఈ తేలిక దారి మూసుకుపోతుంది. “కాంతి ఉంటే బెంజైల్ హాలైడ్” అని గుడ్డిగా రాసేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే.

## సైడ్‌చైన్ లేని బెంజీన్, గమాక్సిన్ పొడి

బెంజీన్‌లో ఉన్నవన్నీ వలయం మీది హైడ్రోజన్‌లే. వాటిని లాక్కోవడం క్లోరిన్ రాడికల్‌కు నష్టం బేరం. అప్పుడది వలయానికే అతుక్కుంటుంది. ఒకదాని తర్వాత ఒకటి ఆరు క్లోరిన్‌లు చేరి బెంజీన్ హెక్సాక్లోరైడ్ వస్తుంది. ఎండలో బెంజీన్‌తో క్లోరిన్‌ను కలిపి ఈ పదార్థాన్ని మొదట తయారుచేసింది మైకేల్ ఫారడే, 1825లో. బెంజీన్‌ను కనుక్కున్న సంవత్సరమూ అదే.

ఈ పదార్థం తెలుగు పల్లెలకు కొత్తది కాదు. బీహెచ్‌సీ పొడి, గమాక్సిన్ అని పొలాల్లో, ధాన్యం నిల్వల దగ్గర, చీమల మీద చల్లింది ఇదే. ఒకే ఫార్ములా ఉన్నా పరమాణువుల అమరిక వేరైన రూపాలను ఐసోమర్‌లంటారు. పురుగును చంపే గుణం ప్రధానంగా గామా ఐసోమర్‌ది. దాన్ని వేరుచేసిన డచ్చి శాస్త్రవేత్త వాన్ డెర్ లిండెన్ పేరు మీద లిండేన్ అన్నారు. అయితే కాంతిచర్యలో అన్ని ఐసోమర్‌లూ కలిసే వస్తాయి, గామా వాటా 10 నుంచి 15 శాతమే. మిగతా 85 శాతానికి పైగా పెద్దగా పనికిరాని సరుకు. అది నేలలో, కొవ్వులో ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. భారతదేశంలో బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. లిండేన్ తయారీ 2011లో, వాడకం 2013లో ఆగాయి. అదే బెంజీన్‌ను చీకట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌తో కలిపి క్లోరిన్ పంపితే వచ్చేది క్లోరోబెంజీన్. రంగులకూ మందులకూ అది ముడిసరుకు.

## ఆర్థో ఎంత, పారా ఎంత?

వలయం మీదే చేరిందనుకుందాం. ఎక్కడ? మిథైల్ పక్క స్థానం ఆర్థో, దాని తర్వాతిది మెటా, ఎదురుది పారా. మిథైల్ సమూహం ఎలక్ట్రాన్‌లను వలయంలోకి నెడుతుంది, ఆ ప్రభావం ఆర్థో, పారా స్థానాల్లో ఎక్కువ. ఇంతవరకూ అందరూ రాస్తారు. ఎంత ఎక్కువో అంకెల్లో చూస్తే ఇంకా బాగుంటుంది.

బెంజీన్‌లో ఒక్కో స్థానం చర్యావేగాన్ని 1 అనుకుందాం. ఎసిటిక్ ఆమ్లంలో టోలీన్ క్లోరినేషన్‌కు ఒక్కో ఆర్థో స్థానం వేగం 617, మెటా 5, పారా 820. ఆర్థో స్థానాలు రెండు, మెటా రెండు, పారా ఒకటి. ఆర్థో మొత్తం 1234, మెటా 10, పారా 820. అన్నీ కలిపితే 2064. అందులో ఆర్థో వాటా దాదాపు 60 శాతం, పారా 40, మెటా అర శాతం. ఆ 2064ను బెంజీన్‌లోని ఆరు స్థానాలతో భాగిస్తే 344. అంటే టోలీన్ బెంజీన్ కన్నా 344 రెట్లు వేగంగా క్లోరినేట్ అవుతుంది. ఈ అంకెలు లూయి ఆమ్లం లేకుండా వచ్చినవని గమనించండి. టోలీన్ లాంటి చురుకైన వలయానికి ఎసిటిక్ ఆమ్లం లాంటి ధ్రువ ద్రావణి తోడైతే ఉత్ప్రేరకం లేకపోయినా నడుస్తుంది.

ఒక్కో స్థానంగా చూస్తే పారాదే పైచేయి. అయినా రెండు చోట్లున్నందువల్ల మొత్తంలో ఆర్థో గెలుస్తోంది. “పారానే ఎప్పుడూ ఎక్కువ” అనే మాట టోలీన్ క్లోరినేషన్‌కు పనికిరాదు.

ఇప్పుడు హాలోజన్ మార్చుదాం. నీరు కలిసిన ఎసిటిక్ ఆమ్లంలో బ్రోమినేషన్‌కు ఆర్థో 600, మెటా 5.5, పారా 2420. ఇదే లెక్క వేస్తే పారా వాటా మూడింట రెండు వంతులకు చేరుతుంది. బ్రోమిన్ పెద్దది, మిథైల్ పక్కన ఇరుకు. పైగా అది ఎంపిక ఎక్కువగా చేసే ఎలక్ట్రోఫైల్.

ఈ నిష్పత్తి ఫ్యాక్టరీకి చాలా ముఖ్యం. ఆర్థో క్లోరోటోలీన్ 159 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పారా 162 దగ్గర మరుగుతాయి. మూడు డిగ్రీల తేడాతో స్వేదనం చేసి వేరుచేయడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. అందుకే లూయి ఆమ్లానికి సల్ఫర్ సమ్మేళనాలు తోడుచేసి పారా వాటా పెంచుతారు. కొన్ని జియోలైట్‌ల (రంధ్రాలున్న ఖనిజ ఉత్ప్రేరకాలు) సన్నని రంధ్రాలు కూడా పారాకే అనుకూలం.

## ఎక్కడ ఆపాలి? ఇనుము ఎందుకు తగలకూడదు?

సైడ్‌చైన్ దారిలో అసలు తలనొప్పి ఆపడమే. మిథైల్‌కు మూడు హైడ్రోజన్‌లున్నాయి. ఒకటి పోతే బెంజైల్ క్లోరైడ్, రెండు పోతే బెంజాల్ క్లోరైడ్, మూడూ పోతే బెంజోట్రైక్లోరైడ్. ఏది కావాలో దాన్ని బట్టి క్లోరిన్ కొలత ఉంటుంది.

పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి బరువు చూడటం. 920 గ్రాముల టోలీన్ అంటే 10 మోల్‌లు. ఒక హైడ్రోజన్ పోయి క్లోరిన్ వస్తే మోల్‌కు 34.5 గ్రాములు పెరుగుతుంది. అంటే 345 గ్రాములు పెరిగితే సగటున ఒక క్లోరిన్ చేరినట్టు, 690 పెరిగితే రెండు, 1035 పెరిగితే మూడు. మొదటి మెట్టుకు పంపాల్సిన క్లోరిన్ మాత్రం 710 గ్రాములు. అందులో సగం ఉత్పన్నంలోకి వెళితే మిగతా సగం 365 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా బయటికొస్తుంది. దాన్ని నీటిలోనో క్షారంలోనో పట్టుకోవాలి.

“సగటున” అన్న మాటను వదిలేయకండి. 345 గ్రాములు పెరిగిందంటే అంతా బెంజైల్ క్లోరైడే అని అర్థం కాదు. కొంత టోలీన్ మిగిలి, కొంత బెంజాల్ క్లోరైడ్ దాకా వెళ్లినా బరువు అంతే చూపిస్తుంది. క్లోరిన్ వలయం మీదికి పోయినా అంతే. ఈ రోజుల్లో గ్యాస్ క్రొమటోగ్రఫీలో శాంపిల్ చూసి ఆపేది అందుకే. బెంజైల్ క్లోరైడ్ కావాలంటే టోలీన్ ఇంకా చాలా మిగిలి ఉండగానే ఆపి, ఆ టోలీన్‌ను స్వేదనం చేసి మళ్లీ వాడతారు.

రియాక్టర్ సంగతి ఇంకా ఆసక్తికరం. ఈ చర్యకు జీఎల్‌ఆర్, అంటే లోపల గాజు పూత ఉన్న రియాక్టర్ వాడతారు. తడి హైడ్రోజన్ క్లోరైడ్ స్టీలును తినేస్తుందన్నది ఒక కారణం. రెండోది మన విషయానికే సంబంధించింది. ఏ మూలో కాస్త తుప్పు ఉన్నా అది క్లోరిన్‌తో కలిసి ఫెర్రిక్ క్లోరైడ్ అవుతుంది. అంటే మనం వద్దనుకున్న ఉత్ప్రేరకం మనకు తెలియకుండా తయారైనట్టే. క్లోరిన్ వలయం వైపు మళ్లుతుంది. అంతకన్నా ప్రమాదం, తయారైన బెంజైల్ క్లోరైడ్ అణువులు ఇనుప లవణం సమక్షంలో ఒకదానితో ఒకటి అతుక్కుని హైడ్రోజన్ క్లోరైడ్‌ను వదులుతూ జిగట ముద్దగా మారతాయి. మూసి ఉన్న పాత్రలో పీడనం పెరిగిపోతుంది.

ఏది వచ్చిందో తేల్చుకునే పరీక్ష తేలిక. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో వేడిచేసి, నత్రికామ్లంతో ఆమ్లీకరించి, సిల్వర్ నైట్రేట్ వేయాలి. బెంజైల్ క్లోరైడ్ అయితే తెల్లటి అవక్షేపం వస్తుంది. క్లోరోటోలీన్‌లో క్లోరిన్ వలయాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి రాదు. నిజానికి బెంజైల్ క్లోరైడ్ తయారైతే పరీక్షకన్నా ముందు కళ్లే చెబుతాయి. దాని ఆవిరి తగిలితే కన్నీళ్లు ఆగవు.

## బ్రోమిన్, ఎన్‌బీఎస్, మిగతా రెండు

రాడికల్ లెక్కను బ్రోమిన్‌కు వేసి చూడండి. హైడ్రోజన్, బ్రోమిన్ బంధం విలువ 366 కిలోజౌళ్లు. బెంజైల్ హైడ్రోజన్‌కు 375 ఖర్చు, 366 రాబడి. 9 లోటు. అందుకే బ్రోమిన్ రాడికల్ నిదానంగా, ఏరికోరి పనిచేస్తుంది. ఇథైల్ బెంజీన్‌తో కాంతిలో బ్రోమిన్ దాదాపు పూర్తిగా వలయం పక్క కార్బన్ మీదే చేరుతుంది. క్లోరిన్ అయితే చివరి కార్బన్ మీద కూడా కొంత చేరుతుంది.

ల్యాబ్‌లో బ్రోమిన్ ద్రవం బదులు ఎన్‌బ్రోమోసక్సినిమైడ్, అందరూ అనే మాటలో ఎన్‌బీఎస్, వాడతారు. చర్యలో పుట్టే హైడ్రోజన్ బ్రోమైడ్‌తో కలిసి అది కొద్దికొద్దిగా మాత్రమే బ్రోమిన్‌ను విడుదల చేస్తుంది. బ్రోమిన్ గాఢత అంత తక్కువగా ఉండటం వల్ల ఇతర చర్యలు వెనకబడతాయి. ఇది ఎలా పనిచేస్తుందన్నదాని మీద చాలాకాలం వాదన నడిచింది. హైడ్రోజన్‌ను లాగేది సక్సినిమైడ్ రాడికల్ అని 1944లో బ్లూమ్‌ఫీల్డ్ అన్నాడు. కాదు, బ్రోమిన్ పరమాణువే అని 1953లో గోల్డ్‌ఫింగర్ బృందం చెప్పింది. మామూలు పరిస్థితులకు రెండోదే నిలబడింది. బీపీకి వాడే లోసార్టన్, వల్సార్టన్ లాంటి మందుల్లో ఒక ముఖ్య ఇంటర్మీడియట్‌కు ఈ మిథైల్ బ్రోమినేషనే మెట్టు. హైదరాబాద్, విశాఖ చుట్టూ బల్క్ డ్రగ్ యూనిట్లలో ఈ మెట్టు మీద పనిచేసినవాళ్లకు రెండు బ్రోమిన్‌లు చేరిన మలినం బాగా పరిచయం. పాత ల్యాబ్ పద్ధతుల్లో ద్రావణి కార్బన్ టెట్రాక్లోరైడ్. ఓజోన్ పొర కోసం కుదిరిన మాంట్రియల్ ఒప్పందం వల్ల అది పక్కకు పోయింది.

ఫ్లోరిన్ నేరుగా కలిస్తే పేలుడే. అందుకే డైఅజోనియం లవణం ద్వారా చుట్టూ తిరిగి వెళతారు. అయోడిన్‌ది ఉల్టా సమస్య. చర్య ద్విగతం, వచ్చిన హైడ్రోజన్ అయొడైడ్ మళ్లీ వెనక్కి తీసుకుపోతుంది. నత్రికామ్లమో అయొడిక్ ఆమ్లమో వేసి దాన్ని ఆక్సీకరిస్తే గానీ ముందుకు సాగదు.

## గుర్తుపెట్టుకునే సూత్రం ఎక్కడ తప్పుతుంది

జర్మనీలో విద్యార్థులకు ఒక సూత్రం నేర్పుతారు. మరిగే వేడి, సూర్యకాంతి, సైడ్‌చైన్ అనే మూడూ వాళ్ల భాషలో ఎస్‌తో మొదలవుతాయి. చల్లదనం, ఉత్ప్రేరకం, వలయం అనే మూడూ కె‌తో. మనకూ సెగ, సూర్యకాంతి, సైడ్‌చైన్ కుదిరాయి. పరీక్షకు ఇది బాగానే పనికొస్తుంది. కానీ వేడి అంటే సైడ్‌చైన్, చలి అంటే వలయం అని స్థిరపడిపోతే ఇబ్బంది.

నైట్రోబెంజీన్‌కు బ్రోమిన్ ఎక్కించాలంటే లూయి ఆమ్లంతో పాటు గట్టిగా వేడిచేయాలి. అయినా చేరేది వలయం మీదే, మెటా స్థానంలో. బ్రోమోబెంజీన్ ఆవిరిని 500 డిగ్రీలకు పైన ఉత్ప్రేరకం లేకుండా బ్రోమిన్‌తో కలిపితే వలయం మీదే చేరుతుంది. కానీ ఆర్థో, పారా నియమం చెదిరి మెటా బాగా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ దాడి చేసేది రాడికల్. చల్లటి టోలీన్‌లో క్లోరిన్ ఎక్కువగా కరిగి ఉంటే కాంతి కిందే వలయానికి సంకలనం కూడా కొంత జరుగుతుంది.

ద్రావణి గురించి ఆ సూత్రం అసలేమీ చెప్పదు. ఫీనాల్‌కు బ్రోమిన్ నీరు కలిపితే ఉత్ప్రేరకం లేకుండానే మూడు బ్రోమిన్‌లు ఎక్కి తెల్లటి అవక్షేపం పడుతుంది. అదే ఫీనాల్‌ను కార్బన్ డైసల్ఫైడ్‌లో కరిగించి, చల్లగా ఉంచి బ్రోమిన్ వేస్తే ఒక్కటే ఎక్కుతుంది, ఎక్కువగా పారాలో. నీటిలో ఫీనాల్ కొంత ఫీనాక్సైడ్ అయాన్‌గా మారి ఇంకా చురుకవుతుంది, బ్రోమిన్ కూడా మరింత ధ్రువత పొందుతుంది. ఫీనాల్ అదే, బ్రోమిన్ అదే అయినా ఫలితాన్ని తిప్పేసింది ప్రధానంగా ద్రావణే.

ప్రశ్నలో పరిస్థితి ఇవ్వకపోతే? అది అసంపూర్ణ ప్రశ్న, ఏ జవాబునైనా సమర్థించవచ్చు. నా మటుకు నేను ఆప్షన్‌లు చూసి, క్లోరోటోలీన్‌లు రెండూ ఉంటే లూయి ఆమ్లం, బెంజైల్ క్లోరైడ్ ఒక్కటే ఉంటే కాంతి ఊహించుకున్నారని అనుకుంటాను.

## ఇంకా తేలని ఒక ప్రశ్న

వలయం మీది ప్రతిక్షేపణ రెండు మెట్లలో జరుగుతుందని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. ఎలక్ట్రోఫైల్ చేరి ధనావేశిత సిగ్మా కాంప్లెక్స్ ఏర్పడుతుంది, తర్వాత ప్రోటాన్ పోయి ఏరోమాటిక్ స్వభావం తిరిగొస్తుంది. దీనికి బలమైన ఆధారాలున్నాయి. ఇలాంటి అయాన్‌ల లవణాలను వేరుచేసి చూశారు. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టినా చాలా చర్యల్లో వేగం మారదు. అంటే ప్రోటాన్ పోయే మెట్టు వేగాన్ని నిర్ణయించడం లేదు.

2014లో బోరిస్ గలబోవ్, హెన్రీ షాఫర్, పాల్ ష్లేయర్ తదితరులు అనిసోల్ (మీథాక్సీ బెంజీన్) క్లోరినేషన్‌ను ప్రయోగంతోనూ కంప్యూటర్ గణనతోనూ పరిశీలించారు. కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో, ఉత్ప్రేరకం లేకుండా. అక్కడ సిగ్మా కాంప్లెక్స్ తప్పనిసరి మధ్యస్థం కాదనీ, బంధాలు ఒకే ఊపులో మారే దారీ, ముందు సంకలనం జరిగి తర్వాత హైడ్రోజన్ క్లోరైడ్ విడిపోయే దారీ ఉన్నాయనీ వాళ్ల వాదన. పాత చిత్రాన్ని సమర్థించేవాళ్లు దీన్ని పూర్తిగా కొట్టిపారేయరు. అధ్రువ ద్రావణిలో అయాన్‌లు నిలబడటం కష్టమే, అందుకని వేరే దారి తెరుచుకోవచ్చు, కానీ లూయి ఆమ్లం ఉన్న చోట, ధ్రువ ద్రావణుల్లో రెండు మెట్ల దారిని కాదనడానికి అది చాలదు అంటారు. ఇద్దరి అంకెలూ వేర్వేరు ఫ్లాస్కులవి కాబట్టి, ఒకరు ఒప్పయితే ఇంకొకరు తప్పు కావాలనేమీ లేదు.